కంపెనీ కండీషన్

దేవరకొండ రోడ్డు మీద, పంక్చర్ షెడ్డు పక్కన
రేకుల కింద పదకొండు బండ్లు.
నా పేరెవ్వరడగరు, కమీషనెంతని అడుగుతరు.

కొత్త బండిని షోరూమోడు అమ్ముతడు,
పాత బండిని నేను కోస్త.
గీత పడితే వెయ్యి, డోరు మారితే ఎనిమిది,
ఇంజను ఇప్పిన ఆనవాలు కనబడితే
ముప్పై వేలు ఒక్క దెబ్బకు.

మొన్న పానగల్లు పిలగాడొచ్చిండు.
పచ్చ స్విఫ్టు.
నేలను నాకేటంత కిందికి దించిండు,
గడియారం చౌరస్తల గడ్డ దాటాలంటే
నలుగురు దోస్తులు దిగి నడువాలె.
డిక్కీ నిండ డబ్బాలు. పాట పెడితే
పక్క కిరాణంల సబ్బుబిళ్లలు జరుగుతయి.
"మూడు లక్షల పని చేయించిన అన్నా."
"అదంత పీకనీకి నాకు ముప్పైవేలైతది తమ్మీ."
వాని మొకంల లైట్లు ఆరినయి,
బండి కింద నీలం లైట్లు మాత్రం
ఎలుగుతనే ఉన్నయి.

కొనేటోనికి నీ మోజుతోని ఏం పని?
నీ పెండ్లికి కుట్టిచ్చిన కోటు
ఇంకొకని భుజాలకు వస్తదా?
ఈ ఒక్క మాట మీదనే
పద్దెనిమిదేండ్లు తిన్న నేను.

బుధవారం అండాలు వచ్చింది,
మర్రిగూడ అవతలి నుంచి.
తమ్ముని ఆల్టోను ట్రాక్టరుకు కట్టి గుంజుకొచ్చిన్రు.
"ఎవ్వలికీ తోలస్తలేదు," అన్నది.

తొంగి చూసిన.
కాళ్ల కాడ పెడల్లే లేవు.
స్టీరింగు కింద ఎడమకొక రాడు, గుంజితే క్లచ్చు.
కుడికింకోటి, నెడితే బ్రేకు, పిడి తిప్పితే ఎక్సిలేటరు.
హారను మోచెయ్యి తగిలే కాడ.
సీటు బయటికి తిరుగుతది
మంగలి షాపు కుర్చీ లెక్క.
మంగలి షాపు కుర్చీనే అది.

ఎల్లేశు మిక్సీలు బాగుజేసేటోడంట.
పదేండ్లు నిండకముందే బోరింగు నీళ్లు
వాని కాళ్లను కొడవళ్లు చేసినయి.
సర్కారోళ్లొచ్చి ఆ బోరింగుకు
ఎర్రరంగు పూసి పోయిన్రు.
ఎన్నేండ్లకో, కృష్ణ నీళ్లు నల్లాల కారినంక,
తుప్పువట్టిన ఆ బోరింగును వాడే పీకిచ్చి
దాని పిడిని తెచ్చి బ్రేకు చేసుకున్నడు.
"అప్పుడు నన్ను ఆపింది గదా,
ఇగ నేను చెప్పిన కాడ ఆపనీ,"
అని నవ్వేటోడంట.

నేను నా కోత మొదలువెట్టిన.
పెడల్లు, కేబుళ్లు, సీటు, మజూరి...
"పద్నాలుగు వేలు పోతయమ్మా,
కంపెనీ కండీషన్ల ఉంటె మంచి రేటొస్తుండె."

"వాడు గూడ
కంపెనీ కండీషన్లనే పుట్టిండు,"
అన్నది అండాలు.
కోపం లేదు ఆ మాటల.

"బండి నువ్వు తీస్కో. ఆ రాడ్లు మాత్రం ఇప్పియ్యి.
శివన్నగూడెంల ఒక పిల్లున్నది,
డిగ్రీ చదువుతది, పాత బండి చూస్తున్నరు."
"ఎంతకు?" అన్న. అలవాటు, నోరు జారింది.
"ఊకె ఇస్తనంటె తీసుకుంటలేదు,
ఆరువేలు ఇస్తనంటది.
ఎక్కువనో తక్కువనో నువ్వు చెప్పు,
లెక్క తెల్సినోనివి."

గుట్కా ఊసి వచ్చిన.
ఫోన్ తీసి చూసిన, మళ్ల జేబుల వెట్టిన.
నాకు రేటు తెల్వలే.

మస్తాన్‌కు రెండు గంటలు పట్టింది,
వెల్డింగు అంత గట్టిగున్నది.
గోనెసంచిల చుట్టి బస్సెక్కిచ్చిన.
కండక్టరు సంచి దిక్కు చూసి
లగేజీ టికెట్ కొట్టిండు.
వానికి తెల్సు రేటు.

ఆల్టో ఇప్పుడు కంపెనీ కండీషన్ల ఉన్నది.
డాష్‌బోర్డు కింద రెండు తూట్లు మిగిలినయి.
ఎం-సీల్ తెచ్చి డ్రాయర్ల పెట్టిన,
ఇంకా కలపలే.

నిన్న నకిరేకల్ సారొకాయన
అన్నీ మెచ్చుకుంట మెచ్చుకుంట వంగి
తూట్లల్ల వేలు పెట్టిండు.
"ఏంటియి? వెయ్యి తగ్గియ్యి."

తగ్గియ్యనన్న.
ఎందుకంటె చెప్పలే.
సారు ఇంకా ఆలోచిస్తున్నడు.